చక్రమును నిలుపునది ఏది?

వరంగల్లు నుండి ఖమ్మమునకు పోవు రహదారిమీద తొర్రూరు ఒక ముఖ్యమైన మజిలీ. 2016వ సంవత్సరము వరకు వరంగల్లు జిల్లాలో ఉండి, ఆ సంవత్సరము అక్టోబరులో ఏర్పడిన మహబూబాబాదు జిల్లాలో చేరిన పట్టణమిది. ఆర్టీసీ బస్సుల డిపో ఇచ్చట కలదు. ఈ దారి ప్రక్కన ఒక గంటసేపు నిలిచి చూచినవారికి చక్రముల జాతి అంతయు కంటబడును: బస్సులు, లారీలు, ట్రాక్టర్లు, కార్లు, ఆటోలు, అప్పుడప్పుడొక ఎడ్లబండి. కార్లలో కొన్నింటికి ఫ్యాక్టరీవారు ఇచ్చిన ఉక్కు చక్రములను తీసివేసి, బజారులో విడిగా కొన్న మెరుగు చక్రములను తొడిగియుందురు. వీనినే వాడుకలో అల్లాయ్ చక్రములందురు.

ఇట్టి కారులో చక్రము మారినదే కాని అది కూర్చుండు చోటు మారలేదు. ఇరుసు కొననుండు గుండ్రని ఉక్కు దిమ్మెను హబ్బు అందురు. ఆ హబ్బు ఏ కొలతల చక్రము కొరకు తయారైనదో ఆ కొలతలు క్రొత్త చక్రమునకు లేనిచో, పైకి అందము హెచ్చినను లోపల ప్రమాదము దాగియుండును. గంటకు 80 కిలోమీటర్ల వేగమున పోవు కారునుండి ఊడిన చక్రము అదే వేగముతో ముందుకు దొర్లిపోవును. దానికి బ్రేకు లేదు. ఎదురుగా వచ్చువారెవరో, ప్రక్కన నడచువారెవరో దానికి తెలియదు.

చక్రమును పట్టియుంచునది ఏది అని అడిగినచో చాలమంది నట్లను చూపుదురు. గోడకు కొట్టిన మేకుమీద చొక్కా వ్రేలాడునట్లు, హబ్బునుండి వెలికి వచ్చిన స్టడ్డులమీద చక్రము వ్రేలాడుచున్నదని వారి ఊహ. ఈ ఊహ సరియైనది కాదు. ఎందుకు కాదో తెలిసికొనుటకు చక్రమును ఇరుసునకు కూర్చిన విధానముల చరిత్రను ఒకసారి చూడవలెను. అయిదువేల సంవత్సరములకు పైగా మానవుడు ఈ ఒక్క సమస్యకే పలువిధములుగా సమాధానములు వెదకినాడు.

మూడు పనులు

ఏ చక్రమైనను ఇరుసుతో కలసియుండుటకు మూడు పనులు జరుగవలెను. మొదటిది మోత: పైనున్న బరువును ఇరుసునుండి చక్రము అందుకొనవలెను. రెండవది కుదురు: చక్రపు నడిబిందువు ఇరుసు నడిబిందువుతో ఏకము కావలెను. మూడవది కాపు: చక్రము ప్రక్కకు జారి ఊడిపోకుండవలెను. ఒకే భాగము ఈ మూడు పనులను చేయవచ్చును. మూడు భాగములు పంచుకొనవచ్చును. ఏ పని ఏ భాగమునకు అప్పగించినామో తెలియకపోవుటయే ప్రమాదములకు మూలము.

యూరపులోని స్లొవేనియా దేశమున ల్యూబ్లియానా నగర సమీపములోని చిత్తడినేలలో 2002వ సంవత్సరమున ఒక కొయ్య చక్రము, దాని ఇరుసు బయటపడినవి. వాని వయస్సు సుమారు 5,150 సంవత్సరములని నిర్ణయించిరి. కొయ్య చక్రములలో ఇంత పురాతనమైనవి చాల అరుదు. చక్రపు వ్యాసము సుమారు 72 సెంటీమీటర్లు. దాని నడుమనున్న రంధ్రము గుండ్రముగా లేదు, నలుచదరముగా ఉన్నది. ఇరుసు కొనను ఆ రంధ్రమున దూర్చి, సందులలో ఓక్ కొయ్య చీలికలను దిగగొట్టి బిగించిరి. అందుచేత చక్రము, ఇరుసు కలసియే తిరిగెడివి. నాటి వడ్రంగి ఎవరో మనకు తెలియదు. కాని వదులు చక్రము పనికిరాదని అతనికి బాగుగా తెలియును.

కడచీల

మన దేశపు బండ్లు వేరొక మార్గమును అనుసరించినవి. ఇచ్చట ఇరుసు తిరుగదు. చక్రము మాత్రమే ఇరుసుమీద తిరుగును. ఋగ్వేదకాలము నాటికే చక్రపు అంగములన్నింటికి పేర్లు ఏర్పడియున్నవి: నాభి, అరములు, నేమి, అక్షము, ఆణి. తెలుగు పల్లెలలో వీనికి సమానముగ ఆకులు, పూటీలు, ఇరుసు, కడచీల అను మాటలు వాడుకలోనికి వచ్చినవి. ఇరుసు చివర రంధ్రమున అడ్డముగా దిగవేసెడి చిన్న ఇనుప మేకే కడచీల.

ఈ ఏర్పాటులో పనుల పంపకము చాల స్పష్టముగ ఉన్నది. మోత, కుదురు రెండును ఇరుసువి. నాభిలోని గుండ్రని రంధ్రము ఇరుసుమీద కూర్చుండి, కందెన సాయమున తిరుగును. కడచీల బరువును మోయదు. నాభి వెలికి జారకుండ కాపు కాయుటయే దాని పని. కాని ఆ చిన్న మేకు ఊడినచో పెద్ద బండియే కూలును. దశరథుని రథపు చీల యుద్ధమధ్యమున ఊడిపోగా కైకేయి తన వ్రేలిని అడ్డుపెట్టి రథమును నిలిపినదని జనులు చెప్పుకొను కథలోని మర్మమిదే. వ్రేలు రథపు బరువును మోయగలదా అని శంకింపనక్కరలేదు. చీల చేయవలసిన పని కాపు మాత్రమే.

ఎడ్లబండి చక్రములో మరియొక బిగింపు కలదు. అది హబ్బునకు సంబంధించినది కాకపోయినను తరువాతి కథకు అది పునాది. ఆకులను, పూటీలను చుట్టి పట్టియుంచునది ఇనుప పట్టా. దీనిని చక్రముకంటె కొంచెము చిన్నదిగా చేయుదురు. తరువాత నేలమీద పరచి, చుట్టును పిడకలు పేర్చి, ఎఱ్ఱబడునట్లు కాల్చుదురు. వేడికి ఇనుము వ్యాకోచించును. ప్రతి సెంటీగ్రేడు డిగ్రీకి ఇనుము తన పొడవులో పదిలక్షలయందు సుమారు 12 వంతులు పెరుగును. 150 సెంటీమీటర్ల వ్యాసముగల పట్టా చుట్టుకొలత 471 సెంటీమీటర్లు. దానిని 400 డిగ్రీలమేర వేడిచేసినచో చుట్టుకొలత సుమారు 2¼ సెంటీమీటర్లు పెరుగును. ఆ క్షణమున పట్టకార్లతో ఎత్తి చక్రమునకు తొడిగి, వెంటనే నీళ్లు పోయుదురు. చల్లారిన పట్టా ముడుచుకొని, పూటీలను ఆకులలోనికి, ఆకులను నాభిలోనికి అదిమివేయును.

కమ్మరి కొలిమి ప్రక్కన భౌతికశాస్త్ర పాఠ్యపుస్తకము లేదు. అయినను అతడు ఒక గొప్ప సూత్రమును ప్రయోగించుచున్నాడు: రెండు వస్తువులను గట్టిగా అదిమి ఉంచినచో వాని మధ్యనున్న ఘర్షణయే వానిని కలిపి ఉంచును. పట్టాను జారకుండ పట్టునది ప్రధానముగ ఈ అదుము.

అదుమునకు అప్పగించిన రైలుచక్రము

రైలుమార్గము తొర్రూరు మీదుగా పోదు. దానికి తూర్పుననున్న మహబూబాబాదు మీదుగా పోవును. సికింద్రాబాదు నుండి వేసిన ఇనుపదారి 1886లో వరంగల్లు చేరి, 1889 నాటికి బెజవాడతో కలిసినది. నిజాము రైల్వేవారి బండ్లను బాగుచేయుటకు 1893లో సికింద్రాబాదు లాలాగూడలో కర్మాగారము నెలకొల్పబడినది. అదుము అను సూత్రము పరిపూర్ణ రూపము దాల్చినది రైలుచక్రములోనే.

రైలుచక్రమునకు కడచీల లేదు, నట్టు లేదు, బోల్టు లేదు. ఇరుసుమీద చక్రము కూర్చుండు భాగపు వ్యాసముకంటె చక్రపు రంధ్రమును మిల్లీమీటరులో కొద్దిపాటి వంతు చిన్నదిగా తరుగుదురు. అది వ్యాసములో సుమారు వెయ్యవ వంతు మాత్రమే. 1795లో ఇంగ్లండునందు జోసెఫ్ బ్రామా పేటెంటు పొందిన జలపీడన యంత్రపు సంతతికి చెందిన యంత్రములతో, పదుల టన్నుల బలమును ప్రయోగించి చక్రమును ఇరుసుమీదికి నెట్టుదురు. ఒకసారి ఎక్కిన చక్రము సామాన్య బలములకు కదలదు.

ఇచ్చట నాలుగవ పని ఒకటి వచ్చి చేరినది. ఎడ్లబండిని ఎడ్లు లాగును. చక్రము ఊరక తిరుగును. ఇంజను నడుపు బండిలో ఇరుసే చక్రమును త్రిప్పవలెను. బ్రేకు వేసినపుడు ఆ తిరుగుడును ఆపవలెను. అనగా చక్రము ఇరుసుమీద ఒక వెండ్రుకవాసియైనను జరుగరాదు. రైలుచక్రములో మోత, కుదురు, కాపు, త్రిప్పుడు అను నాలుగు పనులను అదుము ఒక్కటియే చేయుచున్నది.

కాని దీనిలో ఒక ఇబ్బంది కలదు. రైలుచక్రమును తీయవలెనన్న కర్మాగారమునకు పోవలెను. మోటారు కారునకు ఇది పనికిరాదు. కారుచక్రమునకు రబ్బరు టైరు ఉన్నది. టైరునకు పంక్చరు ఉన్నది. నడిదారిలో చక్రమును తీసి పెట్టగల ఉపాయము కావలసివచ్చినది.

స్టెప్నీ

తొలి కార్ల చక్రములు హబ్బునకు శాశ్వతముగ బిగింపబడియుండెడివి. పంక్చరైనపుడు చక్రమును అట్లే ఉంచి, టైరును మాత్రము ఊడదీసి, దుమ్ములో కూర్చుండి అతుకు వేసికొనవలెను. ఈ బాధకు 1904లో వేల్సుదేశపు లనెత్లీ పట్టణమున టామస్ మోరిస్ డేవీస్ అను నతడు ఒక విరుగుడు కనిపెట్టినాడు. ఆకులు లేని ఒక ఇనుప వలయమునకు గాలి నింపిన టైరును ముందుగనే తొడిగి కారులో పెట్టుకొనిపోవుదురు. దారిలో టైరు దిగిపోయినచో, చక్రమును తీయకయే దాని అంచునకు ఈ వలయమును పట్టీలతో బిగించి ప్రయాణము సాగింతురు. ఆ తయారీ జరిగిన వీధి పేరు స్టెప్నీ వీధి. ఆ పేరే సరకునకు వచ్చినది.

ఆ వలయము ఎప్పుడో మాయమైనది. పేరు మాత్రము మన దేశమున నిలిచిపోయినది. నేటికిని తెలుగునాట ఏ డ్రైవరైనను అదనపు చక్రమును స్టెప్నీ అనియే పిలుచును. బ్రెజిలులో వాడు ‘ఎస్తెపె’ అను మాట కూడ దీనినుండి పుట్టినదే. కారు చేసినవారు కాక వేరొకరు తయారుచేసి, కారు కొన్నవారికి విడిగా అమ్మిన చక్రములలో ఇది ఆద్యమైనవానిలో ఒకటి. కనుక నేడు అల్లాయ్ చక్రములు అమ్ము దుకాణములకు స్టెప్నీ పూర్వీకురాలని చెప్పవచ్చును.

స్టెప్నీకి హబ్బుతో సంబంధమే లేదు; అది చక్రముమీద చక్రము. నెమ్మదిగా ఇల్లు చేరుటకు చాలునే గాని, శాశ్వతముగ తిరుగుటకు అది తగదు. చక్రమునే హబ్బునుండి విడదీయగల బిగింపు కొరకు ఇంజనీర్లు వెదకసాగిరి.

ఒక నట్టు, అనేక నట్లు

1908 ప్రాంతమున ఇంగ్లండులోని రడ్జ్-విట్‌వర్త్ సంస్థ ఒక క్రొత్త పద్ధతిని ప్రచారములోనికి తెచ్చినది. హబ్బు పైభాగమున పండ్లవంటి గాడులు ఉండును. చక్రపు నాభి లోపల వానికి సరిపోవు గాడులుండును. చక్రమును తొడిగి నడుమ ఒకే పెద్ద నట్టును బిగింతురు. త్రిప్పుడు పని గాడులది. కుదురు పని శంకువు ఆకారముగల అంచులది. కాపు పని నట్టుది.

ఈ పద్ధతిలో ఒక వింత బయటపడినది. చేతివ్రేలికి వదులుగా నున్న గాజును తగిలించి త్రిప్పి చూడుడు. వ్రేలు ఒక చుట్టు తిరిగినచో గాజు సరిగా ఒక చుట్టు తిరుగదు, కొంచెము వెనుకబడును. రెండు గుండ్రని వస్తువుల నడుమ ఏ కొంచెము సందున్నను, బరువు క్రింద అవి ఒకదానిమీద నొకటి దొర్లుచు స్థానము మార్చుకొనును. ఈ దొర్లుడు నట్టును కూడ మెల్లగా త్రిప్పును. కొన్ని ఏర్పాటులలో బిగియును, కొన్నింటిలో ఊడును. కనుకనే కారునకు ఒక వైపు కుడిమర నట్టు, రెండవ వైపు ఎడమమర నట్టు పెట్టిరి. చాలకాలము బ్రిటిష్ పద్ధతి లారీలలో ఎడమవైపు చక్రములకు ఎడమమర నట్లు ఉండుటకు కారణము కూడ ఇదియే.

సామాన్యపు కార్లకు, బస్సులకు, లారీలకు మరింత చౌకయైన మార్గము స్థిరపడినది. ఉక్కు రేకును అదిమి చేసిన పళ్లెమువంటి చక్రము, దానికి వలయముగ కొన్ని రంధ్రములు, హబ్బునుండి వచ్చిన స్టడ్డులు, వానిపై నట్లు. ఈ యుగములోనే మన ప్రాంతపు రోడ్లమీద మోటారు వాహనములు పెరిగినవి. నిజాము ప్రభుత్వపు రైల్వేశాఖ 1932 జూన్ మాసమున 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో రోడ్డు రవాణాను ప్రారంభించినది. స్కాట్లండులో తయారైన ఆల్బియన్ బస్సులు నాటివే. ఆ శాఖయే పెరిగి 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థగ రూపొందినది.

అనేక నట్ల పద్ధతిలో కుదురు పనిని రెండు విధముల చేయవచ్చును. మొదటి విధమున నట్టు అడుగుభాగము శంకువువలె కోసుకొనియుండి, చక్రపు రంధ్రపు పల్లములో దిగి, చక్రమును నడిమికి లాగును. రెండవ విధమున హబ్బు నడుమనున్న గుండ్రని ఉబ్బు చక్రపు నడిరంధ్రములో సందు లేకుండ దూరి కుదురు నిచ్చును. నట్లు అదుమునే ఇచ్చును. నవీన లారీలలో రెండవ పద్ధతి వ్యాపించినది. అందు చదునైన అడుగుగల నట్లు వాడుదురు. రెండు వైపులను కుడిమరయే చాలును. కుదురు పనిని హబ్బునకు అప్పగించుటతో ఎడమమర నట్ల అవసరము తీరిపోయినది.

మోయునది ఎవరు?

ఇపుడు మొదటి ప్రశ్నకు వత్తము. నట్లు చక్రమును మోయుచున్నవా? ఒక చిన్న లెక్క వేసి చూతము.

చిన్న కారులలో స్టడ్డు వ్యాసము సాధారణముగ 12 మిల్లీమీటర్లు. నట్టును 100 న్యూటన్-మీటర్ల టార్కుతో, అనగా మీటరు పొడవుగల పానా చివర సుమారు 10 కిలోగ్రాముల బరువును వ్రేలాడదీసినంత గట్టిగా, త్రిప్పితిమనుకొందము. ఆ శ్రమలో పెద్దభాగము మరలయందును నట్టు అడుగునను ఘర్షణకే ఖర్చగును. అయినను మిగిలిన భాగము స్టడ్డును దారమువలె లాగి, సుమారు 4 టన్నుల బలముతో చక్రమును హబ్బునకు అదుమును. నాలుగు స్టడ్డులు కలసి 16 టన్నులు. శుభ్రమైన పొడి లోహముల మధ్య ఘర్షణాంకమును తక్కువగా 0.15 అని తీసికొన్నను, చక్రము హబ్బుమీద జారవలెనన్న సుమారు 2.4 టన్నుల బలము కావలెను. వేయి కిలోగ్రాముల కారులో ఒక్కొక్క చక్రముమీద పడు బరువు 250 కిలోగ్రాములు మాత్రమే. గుంతలో పడినపుడు అది కొన్ని రెట్లు హెచ్చినను అదుమును మించదు.

కనుక మోయునది మేకు కాదు, అదుము. స్టడ్డు చేయు పని లాగుట. లాగిన స్టడ్డు స్ప్రింగువంటిది. సాగియున్నంతసేపు పట్టును వదలదు. చక్రమునకు హబ్బునకు మధ్య ఘర్షణయే బరువును, బ్రేకు బలమును, ఇంజను బలమును మోయును. ఎడ్లబండి పట్టాను పట్టిన సూత్రము, రైలుచక్రమును పట్టిన సూత్రము, కారుచక్రమును పట్టిన సూత్రము ఒక్కటే.

అదుము తగ్గినచో ఏమగును? చక్రము హబ్బుమీద అటునిటు కదలును. 1969లో జర్మను ఇంజనీరు గెర్హార్డ్ యుంకర్ ఒక ముఖ్య విషయమును ప్రయోగముతో చూపినాడు. బోల్టునకు అడ్డముగ వచ్చు కదలిక ఉన్నపుడు మరల నడుమ ఘర్షణ పట్టు సడలి, నట్టు తనంతట తానే ఊడును. అనగా అదుము తగ్గినందున కదలిక, కదలికవలన నట్టు సడలుట, సడలుటవలన అదుము మరింత తగ్గుట: ఇదియొక విషవలయము. ఇంతలో బరువంతయు స్టడ్డులమీద పడును. అడ్డముగ వంగుట వానికి అలవాటు లేని పని. 60 సెంటీమీటర్ల వ్యాసముగల టైరు కిలోమీటరునకు సుమారు 530 చుట్లు తిరుగును. వంద కిలోమీటర్లలో స్టడ్డు 53,000 సార్లు వంగి లేచును. తీగను అటునిటు వంచి త్రుంచినట్లు, లోహము అలసి విరుగును.

విడిగా కొన్న చక్రములు

అల్యూమినియము చక్రములకు కీర్తి తెచ్చినవాడు ఎత్తోరె బుగాటీ. 1924లో ఫ్రాన్సునందలి లియోన్ పందెములో అతని 35వ రకము కార్లు పోతపోసిన అల్యూమినియము చక్రములతో పరుగెత్తినవి. రెండవ ప్రపంచ యుద్ధము తరువాత అమెరికాలో టెడ్ హాలిబ్రాండ్ పందెపు కార్లకు మెగ్నీషియము చక్రములు చేసినాడు. 1960ల నుండి ఇట్టి చక్రములు సామాన్యుల కార్లకు విడిగా అమ్ముడుపోవుట ఆరంభమైనది. మన దేశమున 1983 డిసెంబరులో మారుతి 800 రాకతో కార్ల సంఖ్య పెరిగి, పిమ్మట ఈ అంగళ్లు చిన్న పట్టణములకును వచ్చినవి.

ఇచ్చట ఒక చిక్కు ఏర్పడును. ఫ్యాక్టరీవారు ఒక కారునకు ఒక చక్రమును చేయుదురు. విడిగా అమ్మువారు ఒకే చక్రమును పలు కార్లకు పనికివచ్చునట్లు చేయుదురు. అందుచేత కొలతలు నాలుగింటిని జాగ్రత్తగ చూడవలెను.

మొదటిది, స్టడ్డుల వలయపు వ్యాసము. పలు చిన్న కార్లకు నాలుగు స్టడ్డులు 100 మిల్లీమీటర్ల వలయముమీద ఉండును. ఫియట్ పాలియోవంటి కార్లకు 98 మిల్లీమీటర్లు. తేడా రెండు మిల్లీమీటర్లే. ఒక్కొక్క స్టడ్డునకు ఒక్క మిల్లీమీటరే. చేతితో నెట్టినచో చక్రము ఎక్కినట్లే కనబడును. కాని నట్టు పల్లములో ఒక ప్రక్కనే ఆనును. స్టడ్డు వంగియే బిగియును. ఎక్కినంతమాత్రమున సరిపోయినట్లు కాదు.

రెండవది, నడిరంధ్రము. పలు కార్ల హబ్బు ఉబ్బు 54.1 మిల్లీమీటర్లుండగా, విడి చక్రముల రంధ్రము 67.1 గాని 73.1 గాని ఉండుట కద్దు. 73.1 రంధ్రమున 54.1 ఉబ్బు కూర్చున్నచో చుట్టును తొమ్మిదిన్నర మిల్లీమీటర్ల సందు మిగులును. హబ్బు కుదురు నీయజాలదు. ఆ పని అంతయు నట్ల శంకువులమీద పడును. ఒక ప్రక్కనుండి బిగించుకొనిపోయినచో చక్రము నడిమి తప్పి, వేగము హెచ్చినకొలది స్టీరింగు వణకును. ఈ సందును నింపుటకు హబ్బు రింగు అను వలయమును తొడుగుదురు. ఇది ప్లాస్టికుదైనను పనికివచ్చును. ఏలననగా దాని పని కుదురు చూపుటయే. మోయునది అదుము అని ముందే తెలిసికొన్నాము.

మూడవది, నట్టు అడుగుభాగపు ఆకారము. కొన్నింటికి శంకువు, కొన్నింటికి బంతి, కొన్నింటికి చదును. హోండా కార్ల ఫ్యాక్టరీ నట్లు సాధారణముగ బంతి అడుగుగలవి. బజారు చక్రముల పల్లములు ఎక్కువగ శంకువు ఆకారమువి. బంతిని శంకువులో కూర్చోబెట్టినచో సన్నని వలయము మేర మాత్రమే తగులును. అల్యూమినియము మెత్తని లోహము; ఆ సన్నని గీత నలిగి, అదుము కొలది దినములలో సడలును. చక్రము మారినపుడు తగిన నట్లును మార్చుట దుబారా కాదు.

నాలుగవది, మరల ఎడము. సుజుకి సంతతి కార్ల స్టడ్డులమీద మరకు మరకు దూరము 1.25 మిల్లీమీటర్లు, హోండా, హ్యుండాయ్, టొయోటాలలో సాధారణముగ 1.5. రెండింటి వ్యాసము 12 మిల్లీమీటర్లే అగుటచేత ఒకదాని నట్టు ఇంకొకదానిపై ఒకటి రెండు చుట్లు ఎక్కి పట్టివేయును. అది బిగిసినదని భ్రమపడి పానాతో బలవంతపెట్టినచో మరలే చెడిపోవును.

బిగించు పద్ధతి

కొలతలు సరిపోయిన పిమ్మట బిగింపు విషయము. హబ్బు ముఖముమీద త్రుప్పు, రంగు, మట్టి ఏవియు ఉండరాదు. త్రుప్పు పొర ఆ సమయమున అదుమునకు ఆనియే ఉండును. తరువాత అది పొడియై రాలినపుడు అంతమేర స్టడ్డు సడలును. ఇనుప బ్రష్షుతో రుద్ది, పొడిగుడ్డతో తుడువవలెను. మరలమీద నూనె పోయుట మేలని కొందరి తలంపు. నూనె ఘర్షణను తగ్గించును గనుక అదే టార్కునకు స్టడ్డు మితిమీరి సాగును. కారు పుస్తకములోని అంకె సాధారణముగ పొడి మరలకు చెప్పినది.

నట్లను మొదట చేతితో త్రిప్పవలెను. చేతితో సాఫీగా పలు చుట్లు ఎక్కని నట్టు ఆ స్టడ్డుది కాదు. తరువాత చక్రము గాలిలో నుండగనే, వరుసగా కాక ఎదురెదురుగా, కొద్దికొద్దిగా బిగింపవలెను. అయిదు నట్లున్నచో నక్షత్రము గీసినట్లు ఒకటి విడిచి ఒకటి బిగింతురు. వడ్రంగి నాభిలో ఆకులను దిగగొట్టునపుడును ఒక ప్రక్కనే కొట్టడు గదా! జాకీ దించిన పిమ్మట టార్కు పానాతో తుది బిగింపు చేయవలెను. చిన్న కార్లకు ఈ అంకె సాధారణముగ 80 నుండి 120 న్యూటన్-మీటర్ల నడుమ ఉండును; ఏ కారున కెంతయో దాని పుస్తకమే ప్రమాణము. గాలి పీడనముతో తిరుగు తుపాకి పానాతో క్షణములో పని ముగియును గాని, ఎంత బిగించినదో అది చెప్పదు. తక్కువైనచో అదుము చాలదు. ఎక్కువైనచో స్టడ్డు తన స్ప్రింగు గుణమును కోల్పోవును.

చివరి పని చాలమంది మరచునది. క్రొత్త చక్రము ఎక్కించిన పిమ్మట 50 నుండి 100 కిలోమీటర్లు తిరిగి, చల్లారిన తరువాత నట్లను మరల చూడవలెను. మొదటి ప్రయాణములో రంగుపొరలు నలిగి, పల్లములు సర్దుకొని, అదుము కొంత తగ్గుట సహజము. అల్యూమినియము వేడికి ఉక్కుకంటె సుమారు రెండురెట్లు వ్యాకోచించుట కూడ ఈ సర్దుబాటునకు తోడ్పడును. పంక్చరు వేయించి చక్రమును తిరిగి ఎక్కించినపుడును ఈ నియమమే.

చీల, చీలిక, పట్టా, గాడి, నట్టు: ఆకారములు మారినవి. ఒకప్పుడు ఊరి వడ్రంగి, కమ్మరి తాము చేసిన చక్రమును తామే తొడిగెడివారు. ఏ భాగము ఏ పని చేయునో వారి చేతులకే తెలిసియుండెను. నేడు చక్రము చేసినవారొకరు, హబ్బు చేసినవారొకరు, తొడుగువారు మరియొకరు. మువ్వురి నడుమ మాటలు లేవు. ఉన్నవి కొలతలు మాత్రమే. పాత చక్రపు కొలతలతో క్రొత్త చక్రపు కొలతలను పోల్చి చూచుటకు అరగంట పట్టును. చక్రము అందమును ఎన్నుకొనువాడు యజమాని; దాని కుదురును ఎన్నుకొనునది హబ్బు. ఆ రెండవ ఎన్నికను త్రోసివేయు అధికారము ఎవరికిని లేదు.